రెండు ఆయిల్ రిపోర్టుల గురించి

విశాఖపట్నం

ప్రియమైన రవికి,

నీ కారులో వాడి దించిన ఇంజిన్ ఆయిల్‌ను ల్యాబులో పరీక్షించి ఇచ్చారని నువ్వు పంపిన రెండు రిపోర్టులూ శ్రద్ధగా చదివాను. పలచటి 5డబ్ల్యూ-30 గ్రేడ్ ఆయిల్ వాడినప్పుడు, ఇంజిన్ అరిగి ఆయిల్‌లో చేరే ఇనుము 19 పీపీఎం (పది లక్షల భాగాల్లో 19), చిక్కటి 15డబ్ల్యూ-40 వాడినప్పుడు 14 పీపీఎం వచ్చాయి కాబట్టి చిక్కటి ఆయిలే ఇంజిన్‌ను కాపాడుతుందని తీర్పు చెప్పేశావు. అయితే మొదటి ఆయిల్ 8,000 కిలోమీటర్లు తిరిగిందనీ, రెండవది 6,000 మాత్రమే తిరిగిందనీ ఆ కాగితాల మీదే ఉంది. వెయ్యి కిలోమీటర్లకు లెక్క కడితే రెండింటిలోనూ దాదాపు 2.3, 2.4 పీపీఎమే! పైగా మధ్యలో కొత్త ఆయిల్ ఏమైనా కలిపి ఉంటే ఆ అంకె ఇంకా పలచబడుతుంది.

నన్ను ఆలోచింపజేసింది ఇనుము కాదు, మొదటి రిపోర్టులోని చిక్కదనం. ఆయిల్ గ్రేడ్లను నిర్ణయించే ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 30 గ్రేడ్ (5డబ్ల్యూ-30లోని చివరి అంకె) ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, నీది 8.9కి జారింది. ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరి నిప్పుకు అంటుకునే వేడి) కూడా తగ్గింది కనుక పెట్రోల్ కలిసిందనే నా అనుమానం. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వరకూ వెళ్లి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన పెట్రోల్ ఆవిరి కాదు. రెండవ ఆయిల్ ఉన్నప్పుడేమో అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లొచ్చావు. అంటే నువ్వు పోల్చింది ఆయిళ్లను కాదు, రోడ్లను.

ఇంకొక చిక్కుంది. బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలుస్తుందా లేదా అన్నది 150 డిగ్రీల వద్ద తీవ్రమైన ఒరిపిడిలో కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ విలువను బట్టి తెలుస్తుంది. 30 గ్రేడ్‌కు అది కనీసం 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు, 15డబ్ల్యూ-40కి కనీసం 3.7 ఉండాలి. మామూలు రిపోర్టులో ఆ గడే ఉండదు. లోహాలను కొలిచే యంత్రం కూడా కొద్ది మైక్రాన్లకు మించిన రేణువులను సరిగా పట్టుకోలేదు కాబట్టి, పెద్ద ముక్కలు రాలుతున్నా కాగితం నిశ్చింతగానే కనిపించవచ్చు. చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెప్పే, డబ్ల్యూ ముందున్న అంకె గురించి మన ఊళ్లో బెంగ అక్కర్లేదు. 15డబ్ల్యూను పరీక్షించేదే మైనస్ 20 డిగ్రీల చలిలో.

దుమ్ముకు ఆనవాలైన సిలికాన్ రెండు రిపోర్టుల్లోనూ ఎక్కువగానే ఉంది. నువ్వు రోజూ పోర్టు వైపు దుమ్ములో తిరుగుతావు కదా, ముందు ఎయిర్ ఫిల్టర్‌నూ దాని గొట్టం బిగింపునూ చూపించు. దుమ్ము లోపలికి పోతుంటే ఏ గ్రేడ్ పోసినా అరుగుదల తప్పదు.

ఈసారి కారు పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించి, అవే దారుల్లో అన్నే కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగా, ఆయిల్ దించేటప్పుడు ధార మధ్యలో శాంపిల్ పట్టించు. అలాంటివి కనీసం మూడు చేతికొస్తేనే పోలికకు కూర్చుందాం. ఆలోగా మధ్యలో ఎంత కొత్త ఆయిల్ టాప్‌అప్ చేశావో రాసి పంపు.

నీ
మూర్తి