ప్లాను తప్పింది బిల్డరు, జరిమానా కొనుక్కున్నవారికా?

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్ శివారులో స్టిల్టు (స్తంభాల మధ్య పార్కింగుకు వదిలే కింది భాగం) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మేము ఫ్లాటు కొనుక్కుని ఆరేళ్లయింది. ఈమధ్య అసోసియేషన్ తరఫున మంజూరైన ప్లాను నకలు సంపాదించి, నలుగురం టేపు పట్టుకుని భవనం చుట్టూ కొలిచాము. ఉత్తరం వైపు ప్రహరీకి, భవనానికి మధ్య 3.5 మీటర్ల సెట్‌బ్యాక్ (వదలాల్సిన ఖాళీ స్థలం) ఉండాలని ప్లానులో ఉండగా, మా టేపుకు వచ్చింది 2.1 మీటర్లు. పార్కింగుకని చూపించిన స్టిల్టులో లిఫ్టు పక్కన ఇటుక గోడలు లేపి, షట్టరు బిగించిన గది ఒకటుంది. దాని అద్దె ఇప్పటికీ బిల్డరుకే వెళుతోంది. అక్కడ నిలవాల్సిన మూడు కార్లు రాత్రీ పగలూ రోడ్డు మీదే ఉంటున్నాయి. పార్కింగు విషయంలో ఎలాగో సర్దుకుంటున్నాం గానీ, ఆ 2.1 మీటర్ల సందులోనే జనరేటరు కూడా పెట్టి ఉండడంతో, ఏనాడైనా నిప్పంటుకుంటే అగ్నిమాపక సిబ్బంది గొట్టాలు పట్టుకుని భవనం వెనక్కి ఎలా చేరతారన్న భయం మమ్మల్ని వదలడం లేదు.

ఈ ఉల్లంఘనల్లో మా చెయ్యి లేదు. అయినా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం నివాసానికి సిద్ధమని అధికారులిచ్చే ధ్రువపత్రం) రాలేదన్న కారణంగా ఆస్తిపన్నుతో పాటు జరిమానా కడుతున్నది మేము, ఫ్లాటు అమ్ముకుందామంటే కొనేవారికి బ్యాంకు రుణం దొరకక బేరాలు పోగొట్టుకుంటున్నదీ మేమే. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో, ఆ తర్వాత 2015లో రెండు రాష్ట్రాల్లోనూ అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయిన చోట దరఖాస్తు పెట్టుకుని రుసుము కట్టుకోవలసింది కొనుక్కున్నవారే. తప్పు చేసి లాభం తీసుకున్న మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు.

చట్టంలో మాటలకు కొదవ లేదు. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 నాటి రేరా చట్టం 14వ సెక్షను ప్రకారం మంజూరైన ప్లాను ప్రకారమే కట్టాలి. చిన్నచిన్న సవరణలు మినహా ఏ మార్పు చేయాలన్నా కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దీన్ని మీరితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టం కింద ఏర్పడిన రేరా సంస్థకు ఉంది. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం, చిన్న ఇళ్లను మినహాయిస్తే, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని ప్లాను ప్రకారమే కడతానన్న హామీగా బిల్డరు అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోస్తున్నది ఈ తనఖానే. ప్లాను తప్పిన భవనంలో ఆ వాటాను విడిచిపెట్టకుండా అమ్మి, వచ్చిన సొమ్ముతో అక్రమ గోడలు తొలగించి, మిగిలింది నివాసుల పేర జమచేస్తే, ఏ బిల్డరైనా సెట్‌బ్యాక్ మింగే ముందు తప్పకుండా లెక్క చూసుకుంటాడు.

ఢిల్లీ పక్కన నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయం నివాసులు తమకు తోట అని చూపించిన స్థలంలో లేచిన జంట టవర్ల మీద 2012లో కోర్టుకెక్కారు. 2014లో అలహాబాద్ హైకోర్టు, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చివేతకు ఆదేశించాయి. ఖర్చు బిల్డరే భరించాలని, కొనుగోలుదారులకు 12 శాతం వడ్డీతో డబ్బు తిరిగివ్వాలని, కుమ్మక్కైన అధికారులను ప్రాసిక్యూట్ చేయాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 28న ఆ టవర్లు నేలమట్టమయ్యాయి. న్యాయం జరిగింది, నిజమే. కానీ నెలనెలా వాయిదాలు కట్టుకుంటున్న ఎన్ని కుటుంబాలు పదేళ్లు కోర్టు ఖర్చులు భరించి నిలబడగలవు?

అందుకే బాధ్యత మొదట్లోనే తేలాలని మా విన్నపం. స్లాబు పడిన ప్రతి దశలోనూ టౌన్ ప్లానింగ్ సిబ్బంది కొలతలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ప్లానుకు భిన్నంగా కట్టిన భవనాన్ని సరిగ్గానే ఉందని ధ్రువీకరించిన ఆర్కిటెక్టు, ఇంజినీరు, తనిఖీ చేశానని రాసిన అధికారి పేర్లు ఆ రికార్డులో ఉండాలి. మంజూరైన ప్లాను సేల్ డీడులో భాగం కావాలి. పాత భవనం లెక్క తేలేదాకా అదే బిల్డరుకు కొత్త అనుమతి ఇవ్వకూడదు.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, నిర్మాణం జరుగుతున్నన్నాళ్లూ మంజూరైన ప్లాను ప్రతిని స్థలంలో ప్రదర్శించాలని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఫ్లాట్లు స్వాధీనం చేస్తామని బిల్డరు దగ్గర ముందే హామీ తీసుకోవాలని స్పష్టంగా ఉంది. మా బిల్డరే ఇప్పుడు మా వీధి చివర మరో భవనానికి పునాదులు తీస్తున్నాడు. నిన్న వెళ్లి చూశాను. ఫ్లాట్ల ధరల బోర్డు ఉంది, ప్లాను ప్రతి లేదు. సంబంధిత అధికారులు ఈ వారంలోనే అక్కడికి వచ్చి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫ్లాటు యజమాని,
హైదరాబాద్