హక్కు కూలి కాదు

సింధూ,

నీ రూమ్మేట్ అన్న మాట నన్ను వదలడం లేదు. మానవ హక్కులనేవి పడమటి దేశాలవాళ్లు మన నెత్తిన పెట్టినవనీ, మనకున్నది ధర్మమనీ, బాధ్యత నెరవేర్చినవాళ్లకే హక్కు అడిగే అర్హత ఉంటుందనీ అందన్నావు. తప్పనిపించింది గానీ ఎక్కడ తప్పో చెప్పలేకపోయానన్నావు. ఇన్నేళ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని, ప్రాథమిక హక్కుల పాఠం పుస్తకం తెరవకుండా చెప్పగలను. కానీ ఫోన్లో హడావిడిగా చెబితే అది పాఠంలాగే ఉంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి మాటను తేలిగ్గా తీసిపారేయకు. దాని వెనక గాంధీగారంతటి మనిషి ఉన్నారు. మానవ హక్కులకు పునాది ఏమిటని 1947లో ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో ప్రపంచంలోని పలువురు పెద్దల్ని అడిగినప్పుడు, దాని అధిపతి జూలియన్ హక్స్‌లీకి గాంధీగారు ఒక చిన్న జాబు రాశారు. చదువురాకపోయినా వివేకం గల తన తల్లి దగ్గర నేర్చుకున్న సంగతి ఒకటేననీ, చక్కగా చేసిన కర్తవ్యంలోంచే హక్కులు పుడతాయనీ దాని సారాంశం.

ఈ ఒక్క విషయంలో నేను గాంధీగారి పక్షాన నిలబడలేను. ఆ నియమాన్ని మనిషి తనకు తాను పెట్టుకుంటే చాలా మంచిది. పైనున్నవాడు కిందున్నవాడికి పెడితే, ఎంత చేయాలో, చేసింది సరిపోయిందో లేదో తేల్చేదీ ఆ పైవాడే అవుతాడు. అప్పుడు హక్కు కూలి డబ్బులాంటిదైపోతుంది. పని నచ్చితే ఇస్తాడు, నచ్చకపోతే కోస్తాడు. అసలు నిన్ననే పుట్టిన పసిబిడ్డ ఏ కర్తవ్యం చేసిందని దానికి బతికే హక్కు వచ్చింది? తెలివిలేకుండా ఆసుపత్రి మంచం మీదున్న మనిషి సంగతేమిటి?

నువ్వున్న చోటికి దూరం కాదు, ఘాట్ దిగితే మహారాష్ట్రలోని మహాడ్ అనే ఊరు వస్తుంది. అక్కడ చవదార్ చెరువుంది. ఊళ్లోవాళ్లు ఆ నీళ్లు తాగేవాళ్లు, పశువులూ తాగేవి. అంటరానివాళ్లని ముద్రపడ్డ కులాలవాళ్లు మాత్రం ఆ గట్టు మీదికి రాకూడదు. మరి ఆ కులాల్లో ఒకటైన మహర్లు చేయని బాధ్యత ఏముంది? ఊరి కాపలా వాళ్లదే. పొలిమేర తగాదాల్లో సాక్ష్యం వాళ్లదే. సర్కారు అధికారి వస్తే వెంట పరుగెత్తడం, చచ్చిన గొడ్డును ఎత్తేయడం వాళ్లదే. తరతరాలుగా చేశారు. చాకిరీలోంచి హక్కు పుట్టేదైతే ఆ చెరువు అందరికన్నా ముందు వాళ్లది కావాలి.

1923లో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. ప్రజల సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, బడులు, సత్రాలు అంటరాని కులాలకూ తెరవాలని. మరుసటేడు మహాడ్ మునిసిపాలిటీ కూడా చెరువు అందరిదీ అని తీర్మానించింది. అలా కాగితం మీద హక్కు వచ్చింది, కానీ నీళ్లలో చెయ్యి పెట్టగలిగినవాళ్లు లేరు. 1927 మార్చి 20న అంబేద్కర్ గారు వేలమందితో ఊరేగింపుగా నడిచివెళ్లి, మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగారు. ఆయన వెనక అందరూ తాగారు. అంతే చేశారు. కాసేపటికే, వీళ్లు గుడిలోకి కూడా వస్తారట అని పుకారు లేచింది. ఇళ్లకు బయల్దేరినవాళ్ల మీద, ఇంకా సభాస్థలి దగ్గరే ఉన్నవాళ్ల మీద ఊళ్లోని సవర్ణులు కర్రలతో పడ్డారు. ఆ తర్వాత చెరువును శుద్ధి చేశారు. పేడా, గోమూత్రం, పాలు, పెరుగు కలిపి మంత్రాలు చదువుతూ కుండలతో పోశారు. పేడ కలిసిన నీళ్లు శుభ్రమైనవట, మనిషి చెయ్యి తగిలినవి మైలవట. ఇన్నిసార్లు క్లాసులో చెప్పినా ఈ ఒక్కచోట నా గొంతు మామూలుగా ఉండదు.

మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. డిసెంబరులో అంబేద్కర్ గారూ జనమూ అక్కడ మళ్లీ చేరారు. ఈసారి చెరువు ప్రైవేటుదంటూ కొందరు కోర్టుకెళ్లి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చారు. ఎలాగైనా నీళ్లు తాగి తీరతామన్న జనాన్ని, కోర్టు ఉత్తర్వు మీరవద్దని అంబేద్కర్ గారే ఒప్పించారు. డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. తగలబెట్టాలన్న తీర్మానం ప్రతిపాదించింది గంగాధర్ సహస్రబుద్ధే, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. చవదార్ నీళ్లు తాగకపోతే మేమేం చచ్చిపోలేదు, అందరిలాగే మేమూ మనుషులమని చాటడానికే అక్కడికి పోతున్నాం అన్నారు అంబేద్కర్ గారు. ఆ సభను 1789 నాటి ఫ్రెంచి జాతీయ సభతో పోల్చారు. చెరువు అందరిదేనని బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది.

మన దగ్గరా అంతే కదా. నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఏమిటో నీకు మా నాయనమ్మ మాటల్లో కొంచెం తెలుసు. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, మాదిగలు చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి, దొర గడీలో దంపుళ్లకీ విసుర్లకీ పిలిస్తే పసిబిడ్డను ఏడుస్తుండగా వదిలి పోవాలి. బాధ్యతలన్నీ ఒకవైపు, హక్కులన్నీ ఇంకోవైపు. రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది ఇలాంటి బతుకుల వల్లే. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అదీ వెట్టి కిందికే వస్తుందని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక పడమటిదా, మనదా అన్న మాట. మీ స్నేహితురాలు అనుకుంటున్నంత ఉదారంగా ఆ పడమర కూడా లేదు. 1215లో ఇంగ్లండులోని రన్నీమీడ్‌లో బారన్లనే పెద్ద భూస్వాములు జాన్ రాజుతో ఒప్పించుకున్న మాగ్నా కార్టా అనే పత్రం, చట్టప్రకారం తప్ప స్వేచ్ఛగల మనిషిని ఖైదు చేయకూడదంది. జీవించే హక్కునూ వ్యక్తి స్వేచ్ఛనూ కాపాడే మన రాజ్యాంగం 21వ అధికరణానికి అది ముత్తాత. కానీ అప్పటి ఇంగ్లండు రైతుల్లో చాలామంది భూస్వామికి కట్టుబడి, స్వేచ్ఛగల మనుషుల లెక్కలోకే రానివాళ్లు. 1789 ఆగస్టులో ఫ్రాన్స్ మనుషులంతా సమానమని ప్రకటించింది. ఆ వెంటనే, మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టగల మగవాళ్లకే ఓటన్నది. మరి ఆడవాళ్ల మాటేమిటని 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలంప్ ద గూజ్‌ను రెండేళ్లకు తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కించారు. ఫ్రాన్స్ చేతిలో ఉన్న సెయింట్ డొమింగ్‌లో చెరుకుతోటల బానిసలు 1791లో తిరగబడ్డారు. 1794లో బానిసత్వం రద్దయింది. 1802లో నెపోలియన్ దాన్ని తిరిగి తెచ్చాడు. ఆయన సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న ఆ నేల హైతీ అనే స్వతంత్ర దేశమైంది. 'అందరూ' అన్న మాటను పుస్తకంలో రాసినవాళ్లు ఒకరు, దాన్ని నిజం చేయడానికి ప్రాణాలు పెట్టినవాళ్లు ఇంకొకరు. ఆ రెండోవాళ్లలో మహాడ్ జనం ఉన్నారు. అందుకే అది మనది కూడా.

మన పాత చరిత్రలో మంచి లేదని నేననను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. పరమతాన్ని కించపరిచేవాడు తన మతానికే చేటు చేస్తాడని పన్నెండో శాసనం చెబుతుంది. ఎంత గొప్ప మాట! కానీ దాని పక్కదే పదమూడో శాసనం. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడుతూనే, తన మాట వినకపోతే శిక్షించే బలం తనకుందని అడవి జనాన్ని హెచ్చరిస్తుంది. రాజు దయ అలాగే ఉంటుంది, ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకోవచ్చు. హక్కు అలా ఉండకూడదు.

దీన్ని ప్రపంచం మొత్తం నేర్చుకున్నది జర్మనీని చూశాక. నాజీలు యూదుల పౌరసత్వాన్ని 1935లో చట్టం చేసే తీసేశారు. దేశం చట్టమే హంతకుడి పక్షాన ఉంటే ఆ మనిషి ఎవరికి మొరపెట్టుకోవాలి? ఆ ప్రశ్నలోంచే 1948 డిసెంబరు 10న ప్యారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది. 48 దేశాలు అవునన్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు, 8 తటస్థంగా ఉన్నాయి. వాటిలో సోవియట్ కూటమి, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా ఉన్నాయి. అవునన్న బ్రిటన్, ఫ్రాన్స్‌ల చేతిలో అప్పటికింకా వలసలున్నాయన్నదీ గుర్తుపెట్టుకో. ముసాయిదాలో పురుషులందరూ అన్నచోట మానవులందరూ అని మార్పించింది మన ప్రతినిధి హంసా మెహతా. అన్నట్టు ఆ సెప్టెంబరులోనే, అదే ప్యారిస్‌లో, భద్రతా మండలి మన హైదరాబాద్ గొడవ మీద కూడా కూర్చుంది. ఈ సంగతి చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవాళ్లు.

ఆ ప్రకటన మొదటి అధికరణంలోనే మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ గలవాళ్లు, గౌరవంలో హక్కుల్లో సమానులు అని ఉంటుంది. ఇక్కడ మంచివాళ్లు అన్న షరతు లేదు. నీ రూమ్మేట్‌కు మింగుడుపడనిది ఇదేననుకుంటాను. సరే, బాధ్యత తప్పినవాళ్ల సంగతే తీసుకో. విశాఖ సెంట్రల్ జైల్లోని నక్సలైటు ఖైదీలు, జైలు గోడ మీది కరెంటు తీగ గురించీ సాయుధ పోలీసుల కాపలా గురించీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అడిగినవన్నీ వాళ్లకు దక్కలేదు. కానీ శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడని 1974 నాటి ఆ తీర్పులో ఉంది.

రెండేళ్లు తిరక్కుండా ఎమర్జెన్సీలో అదే కోర్టు చేతులెత్తేసింది. నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్ అడగవచ్చా, అంటే తమను కోర్టు ముందు హాజరుపరచి నిర్బంధం న్యాయమో కాదో తేల్చమనవచ్చా అన్నది కేసు. ఒక పోలీసు అధికారి సొంత పగతో మనిషిని చంపినా దిక్కు లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ప్రభుత్వం తరఫు పెద్ద వకీలు, అటార్నీ జనరల్ నిరేన్ డే చెప్పాడు. 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. తర్వాత ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేరింది కూడా ఆ ఏడాది ఆమోదించిన 42వ సవరణతోనే. జీవించే హక్కును తలుపు వేసి దాచి, పౌరుడికి విధులు నేర్పిన ఏడాది అది. ఆ విధుల్లో చాలా మంచివే ఉన్నాయి, నేనూ బడిలో చదివించాను. అవి వచ్చిన వేళ మాత్రం మీ స్నేహితురాలు తెలుసుకోవాలి. అన్యాయంగా శిక్షించకుండా కాపాడే 20వ అధికరణాన్నీ, 21వ అధికరణాన్నీ ఎమర్జెన్సీలో కూడా ఆపకూడదని 1978లో 44వ సవరణ చెప్పింది. ఆ 1976 తీర్పును సుప్రీంకోర్టే స్వయంగా కొట్టేయడానికి 2017 దాకా పట్టింది.

ఆ అమ్మాయి మాటలో ఒప్పుకోవలసిందీ ఒకటుంది. మనిషికి సమాజం పట్ల విధులున్నాయని 1948 ప్రకటనలోని 29వ అధికరణమే అంటుంది. పన్ను కట్టాలి, ఇతరుల హక్కు తొక్కకూడదు, ఎవరు కాదన్నారు? కట్టనివాడికి జరిమానా వేద్దాం, తొక్కినవాడికి శిక్ష వేద్దాం. వాడికి లాయరు వద్దనీ, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేనక్కర్లేదనీ అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇక్కడి నుంచి తను ఏమంటుందో నాకు నిజంగా వినాలనుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయినీ వెంటబెట్టుకు రా. అరిసెలు చేస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం. స్వెటర్ కొనుక్కోవడం మర్చిపోకు.

మీ అమ్మ