పాత క్యాంపర్ వ్యానుకు ముందు మార్చాల్సింది పెట్రోల్ పైపు

సంపాదకులు గారికి,

పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన ఫొటోలు చూడముచ్చటగా ఉన్నాయి. 1950లో జర్మనీలో మొదలై 2013 చివరిదాకా బ్రెజిల్‌లో తయారైన బండి అది, దానిమీద జనానికి అంత మోజు ఉండటంలో వింత లేదు. కానీ రంగులు, కర్టెన్లు, మడత మంచం గురించి అంత రాసి, ఇంజను దగ్గరుండే రబ్బరు పైపు గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఈ వ్యాన్లు తగలబడటానికి ప్రధాన కారణాల్లో అదొకటి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఒకటి కొందామనుకుంటున్న తెలుగువాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ఇంజను వెనక ఉంటుంది. ట్యాంకు దానికి ముందు, కాస్త ఎత్తులో ఉంటుంది. కాబట్టి కింద పైపు చిట్లితే ఇంజను ఆపినా పెట్రోల్ కారడం ఆగదు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రకం రబ్బరును అది లోపలినుంచి తినేస్తుంది. పైన గుడ్డ అల్లిక ఉన్న పైపైతే పగుళ్లు కంటికి కనపడవు కూడా. ట్యాంకు నుంచి కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) దాకా ప్రతి ముక్కా తీసేసి, ఇథనాల్‌ను తట్టుకునే, ఆర్9 అని ముద్ర ఉన్న పైపు వేయాలి. ప్లాస్టిక్ ఫిల్టర్‌ను పంపుకీ కార్బొరేటర్‌కీ మధ్య వేలాడదీయకూడదు. దాని బరువుకి, అదురుకి కార్బొరేటర్‌లో దిగగొట్టిన ఇత్తడి గొట్టం వదులై ఊడివస్తుంది, పెట్రోల్ నేరుగా వేడి ఇంజను మీద పడుతుంది. ఫిల్టర్ స్థానం ట్యాంకు కిందే. ఇంజను కేసింగ్ మెగ్నీషియం మిశ్రమం కాబట్టి అది అంటుకున్నాక నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది. మంటలార్పే సిలిండర్ డ్రైవర్ సీటు పక్కనే ఉండాలి.

తర్వాతిది వేడి. ఈ ఇంజనుకు రేడియేటర్ లేదు, గాలే దిక్కు. 1600 సీసీ రకంలో ఫ్యాను, డైనమో ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. అందుకే డ్రైవర్ ముందు ఛార్జింగ్ ఎర్ర దీపం వెలిగిందంటే బ్యాటరీ సంగతి తర్వాత, వాటిని తిప్పే బెల్టు తెగిందేమోనని వెంటనే ఆపేయాలి. ఇంజను చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఊడిపోయి ఉంటే కింది వేడిగాలే మళ్లీ పైకి వచ్చి ఫ్యానులోకి పోతుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఈడ్చడం కూడా తప్పే. ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది, మూడుకు దిగాలి.

టాపెట్లు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య సందు, రాత్రంతా చల్లారిన ఇంజను మీదే చూడాలి. సందు కొలిచే పలుచటి రేకు, ఫీలర్ గేజితో చూస్తే అది 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటో సిలిండర్‌తో మొదలుపెట్టి పుల్లీని అరచుట్టు చొప్పున వెనక్కి తిప్పుతూ పోతే 2, 3, 4 వరసగా వస్తాయి, ఎందుకంటే సిలిండర్లలో పెట్రోల్ మండే వరస 1-4-3-2, వెనక్కి తిప్పితే అది తిరగబడుతుంది. సందు తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, దాని వేడి దిగిపోయే దారి ఉండదు, చివరికి వాల్వు తల విరిగి పిస్టన్‌కి చిల్లు పెడుతుంది. ఒకే వాల్వు సందు ప్రతిసారీ తగ్గుతోందంటే సరిచేస్తూ కూర్చోకుండా వాల్వులుండే హెడ్డు విప్పించాలి. పాత ఇంజన్లలో మూడో సిలిండర్‌కు ఈ బెడద ఎక్కువ. గాలి దారికి ఆయిల్ కూలర్ అడ్డుండటమే కారణం.

ఆయిల్ రెండున్నర లీటర్లు, 5000 కిలోమీటర్లకోసారి మార్చాలి. ఇంజను కింద ఆయిల్ వడకట్టే జల్లెడ మూతకి ఆరు చిన్న నట్లుంటాయి, 7 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలం కొలత) మించి బిగిస్తే స్టడ్లు మర పోతాయి.

మన దగ్గరా పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కార్బొరేటర్ ఉన్న పాత మారుతి ఓమ్నీలను పడకలు వేసి క్యాంపర్లుగా మార్చుకునేవాళ్లకూ పైపు సంగతి ఇంతే. మీ వాహనాల పేజీలో దీనికి కాస్త చోటివ్వగలరు.

– ఒక పాఠకుడు