దక్కను రాజధానులన్నిటికీ ఒక్క టికెట్టు: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,
హనుమకొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు నమస్కరించి రాయునది.

అయ్యా,

మా వారు తపాలా శాఖలోనూ, నేను జిల్లా పరిషత్ పాఠశాలల్లో తెలుగు పండితురాలిగానూ పనిచేసి రిటైరయ్యాం. ఇద్దరికీ అరవై అయిదు దాటాయి. కారులో ఎక్కువ సేపు కూర్చుంటే ఆయనకు నడుము పట్టేస్తుంది, నాకు కడుపులో తిప్పుతుంది; రైలు మాత్రం ఇద్దరికీ పడుతుంది. అందుకని గత మాఘమాసంలో పదకొండు రోజులు వీలు చేసుకొని, మధ్యయుగాల్లో దక్కనును ఏలిన రాజధానులను ఒకదాని తరువాత ఒకటిగా రైలు మీదే చూసి రావాలని బయలుదేరాం. వరంగల్ నుంచి సికింద్రాబాద్ మీదుగా బీదర్, అక్కడి నుంచి కలబురగి (పాత గుల్బర్గా), హోట్గీ జంక్షన్ మీదుగా విజయపుర (పాత బీజాపూర్), గదగ్ మీదుగా హోసపేట, అక్కడ దిగి హంపి. తిరుగు ప్రయాణంలో గుంతకల్లు, గుంటూరు, విజయవాడల మీదుగా మళ్లీ వరంగల్. వెళ్లిన దారిన వెనక్కి రానవసరం లేకుండా పటం మీద చక్కని వలయం ఏర్పడింది. ఈ వలయం కోసం ఒక్క అడుగు కొత్త పట్టా కూడా వేయనక్కరలేదన్నదే నేను మీతో చెప్పదలచిన మాట. లేనిదల్లా ఆ పట్టాల మీద తిరగదలచిన మామూలు మనిషికి అందవలసిన టికెట్టూ, సంచి పెట్టుకునే చోటూ, ఇంకో రెండు చిన్న వసతులూ మాత్రమే.

ముందుగా ఒక మంచి మాట చెప్పాలి. 2025 మే 22న దేశమంతటా ప్రారంభమైన అమృత్ భారత్ స్టేషన్లలో మా వరంగల్ స్టేషను కూడా ఉంది. దాని ముఖభాగాన్ని కాకతీయుల శిల్పశైలిని తలపించేలా తీర్చిదిద్దారు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, ఆ కోట నడుమ నేటికీ నిలిచి ఉన్న నాలుగు తోరణాలు, 1163 నాటి వేయిస్తంభాల గుడి ఉన్న ఊరికి ఆ రూపం తగినదే. అయితే స్టేషను గోడ చరిత్రను గుర్తు చేస్తే సరిపోదు. ఆ చరిత్ర దగ్గరకు మనిషిని చేర్చడం కూడా స్టేషను పనే కదా.

టికెట్టు సంగతి చెబుతాను. బయలుదేరిన చోటికే తిరిగి చేరే ప్రయాణానికి సర్క్యులర్ జర్నీ టికెట్టు అనేది ఒకటుందనీ, దాని మీద ఎనిమిది చోట్ల దిగి ఆగవచ్చుననీ, మొత్తం దూరాన్ని రెండు సగాలుగా చేసి, ఎక్కువ దూరానికి కిలోమీటరు ధర తగ్గుతూ వచ్చే పద్ధతిలో ఒక్కో సగానికి చార్జీ లెక్కగడతారనీ మీ నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన కాగితం మా వారు చేత్తో రాసుకొని మరీ వెంట తెచ్చారు. ఒక రిజర్వేషన్ కౌంటరులో అడిగితే అలాంటిది ఇప్పుడు లేదన్నారు; ఇంకొక చోట ఉందిగాని పై అధికారి దగ్గర ప్రయాణ వివరాలకు ఆమోదం తెచ్చుకొని, ఆ కాగితంతో టికెట్టు తీసుకొని, ఆ టికెట్టుతో మళ్లీ రిజర్వేషన్ల వరుసలో నిలబడాలన్నారు. ఆ గుమాస్తా పాపం మంచి మనిషే, మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు, కాని ఆ ఫారం తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదని నిజం చెప్పేశాడు. చివరకు దారిలో ఎక్కడికక్కడ విడివిడి టికెట్లే కొన్నాం. ప్రతి టికెట్టూ చిన్న దూరానిదే కావడంతో ప్రతిసారీ ధర పై మెట్టు నుంచే మొదలైంది.

దూర ప్రయాణపు టికెట్టు మీద మధ్యలో దిగే వీలు ఎలాగూ ఉంది కదా అని ఎవరైనా మీకు చెప్పవచ్చు. ఆ వీలు అయిదు వందల కిలోమీటర్లు దాటిన టికెట్టుకే వర్తిస్తుంది, మొదటిసారి దిగడం కూడా అయిదు వందల కిలోమీటర్లు ప్రయాణించిన తరువాతే కుదురుతుంది. మరి బీదర్ నుంచి కలబురగికి ఉన్నది నూట పది కిలోమీటర్లే! రాజులు తమ రాజధానులను మన నిబంధనలకు సరిపడే దూరంలో కట్టుకోలేదు.

ఆ నూట పది కిలోమీటర్ల లైను 2017 అక్టోబరు 29న ప్రారంభమైంది. అంతకు ముందు బీదర్ నుంచి కలబురగికి రైలులో వెళ్లాలంటే వికారాబాద్, వాడి మీదుగా చుట్టూ తిరిగి రావలసి ఉండేది. 1347లో మొదలై గుల్బర్గాను రాజధానిగా చేసుకొన్న బహమనీ రాజ్యం తరువాతి శతాబ్దంలో అహ్మద్ షా కాలంలో రాజధానిని బీదరుకు మార్చుకొంది. అంటే ఒకే వంశం ఏలిన రెండు రాజధానుల మధ్య తిన్నని రైలు దారి పడడానికి మన కాలం దాకా ఆగవలసి వచ్చిందన్నమాట. హుమ్నాబాద్ మీదుగా ఎర్రమట్టి నేలను చీల్చుకుంటూ పోయే ఆ లైను మీద కిటికీ పక్కన కూర్చున్న ఆ ఉదయాన్ని మేము మరచిపోలేం.

బీదరులో మూడు రోజులున్నాం. ఈ యాత్రలో మేము ఎక్కువగా ఇష్టపడ్డ ఊరు అదే. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ముందు ఎండలో నిలబడి చూశాం. 1696లో జరిగిన పేలుడులో సగం కూలిపోగా, మిగిలిన ఒకే ఒక్క మీనారు మీద పారసీక పద్ధతి పెంకుల రంగులు ఇప్పటికీ కనిపిస్తాయి. దూరపు గీలాన్ నుంచి వ్యాపారానికి వచ్చి ఈ రాజ్యానికి ప్రధాని అయిన గవాన్‌ను, శత్రువులు ఆయన ముద్ర వేసిన దొంగ ఉత్తరం పుట్టించి సుల్తాను చేత 1481లో చంపించారు. జీవితమంతా ఉత్తరాల మధ్యే గడిపిన మా వారు ఆ సంగతి విన్న తరువాత చాలాసేపు మాట్లాడలేదు. “ముద్ర ఉన్నంత మాత్రాన ఉత్తరం నిజమైపోతుందా?” అని సాయంత్రం టీ తాగుతూ అన్నారు. కోటలోని రంగీన్ మహల్ గోడల్లో పొదిగిన ముత్యపుచిప్పల పని, ఊరి బయట అష్టూరులో బహమనీల సమాధులు, వాటిలో అహ్మద్ షాను హిందువులు, ముస్లింలు కూడా కొలిచే ఆచారం, తుత్తునాగం, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి కోటలోని పాతమట్టితో నల్లని నిగారింపు తెచ్చే బిద్రీ పనివాళ్ల వీధి, వీటికి మూడు రోజులు కూడా చాలలేదు. ఇంత ఊరికి పొద్దున దిగి రాత్రికి వెళ్లిపోయే యాత్రికుడు ఎక్కువసేపు చూసేది తన సంచులనే.

ఆ మాట ఊరికే అనలేదు. దారిలో ఒక స్టేషనులో సామాను గది తలుపుకు తాళం వేసి ఉంది, ఎవరిని అడగాలో చెప్పేవారు లేరు. బయట టీ కొట్టు నడిపే ఆవిడ మా అవస్థ చూసి, “పెద్దమ్మా, ఇక్కడ పెట్టి పోండి, నేను సాయంత్రం దాకా ఉంటాను” అని వచ్చీరాని తెలుగులో చెప్పి రెండు సంచులనూ బల్ల కిందికి తోసింది. ఆమె దయ వల్ల మేము ఆ ఊరు చూడగలిగాం. విశ్రాంతి గది తీసుకుందామా అంటే దానికి ఆ స్టేషనుకు గాని, అక్కడి నుంచి గాని టికెట్టు చూపాలి. మా తరువాతి టికెట్టు ఇంకా కొననే లేదు. సర్క్యులర్ టికెట్టు చేతిలో ఉంటే ఆ ఒక్క కాగితమే అన్ని చోట్లా చెల్లి ఉండేది.

కలబురగిలో కోటలోని 1367 నాటి జామా మసీదును చూశాం; మసీదుల్లో సాధారణంగా ఉండే తెరిచిన ముంగిలి లేకుండా మొత్తం పైకప్పు కిందే ఉన్న కట్టడమది. బందే నవాజ్ దర్గాలో కాసేపు కూర్చొని, మధ్యాహ్నం బండి పట్టుకొన్నాం. ఒక జంక్షనులో మా బండి చేరిన కొద్ది నిమిషాలకు ముందే విజయపుర వైపు వెళ్లే బండి కదిలిపోయింది. తరువాతి దాని కోసం సగం రోజు ప్లాట్‌ఫారం మీద గడిపాం. ఆలస్యం అందరికీ వచ్చేదే, దాని గురించి ఫిర్యాదు లేదు. కాని రెండు లైన్లు కలిసే చోట బండ్ల వేళలను పక్కపక్కన పెట్టి చూసి సరిచేసే పని ఎవరిదో వారికి ఒక్కసారి చెప్పించండి.

విజయపుర దగ్గరపడుతుంటే గోల్ గుంబజ్ రైలు కిటికీలోంచే కనిపిస్తుంది. 1656లో పూర్తయిన ఆ గుమ్మటం కింద మహమ్మద్ ఆదిల్ షా సమాధి ఉంది. మూలబురుజులోని ఇరుకు మెట్లెక్కి నేను గుసగుసల వసారా దాకా వెళ్లాను. మోకాళ్ల నొప్పుల వల్ల మా వారు కిందనే ఉండిపోయారు. ఆ వైపు నుంచి ఈ వైపుకు ఒక చిన్నపిల్లవాడు గుసగుసగా చెప్పిన మాట గోడ వెంట వచ్చి నా చెవిలో పడింది. అదే ఊళ్లోని మరో సమాధి మందిరం ఇబ్రహీం రౌజా దానికంటే అందమైనదని నా అభిప్రాయం, మా వారు మాత్రం ఒప్పుకోరు. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్లే లైను బాగల్‌కోట, బాదామిల మీదుగా గదగ్ చేరుతుంది. బాదామిలో దిగలేకపోయామన్న బెంగ ఇంకా ఉంది.

కొప్పళ దాటాక తుంగభద్ర మీదుగా హోసపేట వచ్చాం. 1336లో మొదలై 1565 యుద్ధంతో కూలిన విజయనగరం శిథిలాలు అక్కడికి పదమూడు కిలోమీటర్లు. అంతకుముందు హోట్గీ దిగువన భీమను, ఆ తరువాత కృష్ణను దాటాం. రాజ్యాలు తరతరాలుగా కొట్టుకున్న ఈ నదులను మేము నిద్రమత్తులోనే దాటేశాం. హంపిలో రెండు రోజులున్నాం. విట్ఠల ఆలయపు రాతిరథం యాభై రూపాయల నోటు మీద ఉన్నదే. నోటు పక్కన పెట్టి ఫోటో తీయమని మా వారు పట్టుబట్టారు. స్టేషను బయట హంపికి బస్సు ఎక్కడ ఆగుతుందో, చివరి బస్సు ఎన్ని గంటలకో కన్నడ, తెలుగు, హిందీల్లో ఒక చిన్న బోర్డు ఉంటే, ఆటోల బేరాల్లో మా పొద్దుటి గంట పోయేది కాదు. ఆ బోర్డు ఖర్చు ఎంతో మీకు తెలియనిది కాదు.

తిరుగు ప్రయాణంలో అమరావతి ఎక్స్‌ప్రెస్సులో పడుకొని ఒక సంగతి తలచుకొన్నాను. ప్రౌఢదేవరాయల కొలువులో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం పొందాడని మనం చెప్పుకొనే శ్రీనాథుడు కొండవీడు వదిలి విజయనగరం వెళ్లిన దారికి ఎదురుగా మేము గుంటూరు వైపు వస్తున్నాం. ఆయన ఎన్ని రోజులు నడిచాడో! మేము ఒక్క రాత్రిలో వచ్చేశాం.

ఇక మా విన్నపం. సర్క్యులర్ టికెట్టును ఐఆర్‌సీటీసీలో ఎవరికి వారే తీసుకొనేలా చేయించండి. కనీసం ఈ దక్కను వలయాన్ని ముందే లెక్కగట్టి, ఆమోదించిన దారిగా ప్రకటించి, వరంగల్, సికింద్రాబాద్, కలబురగి, హోసపేట కౌంటర్లలో అడిగిన వెంటనే ఇప్పించండి. 2020 మార్చిలో నిలిపివేసిన వృద్ధుల రాయితీ (అరవై దాటిన మగవారికి నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి యాభై శాతం ఉండేది) మొత్తంగా తిరిగి ఇవ్వడం భారమనుకుంటే, ఇలాంటి వలయపు టికెట్టుకు, అదీ స్లీపర్ తరగతికైనా ఇవ్వండి. భారత్ గౌరవ్ బండ్లు, గోల్డెన్ చారియట్ వంటి పర్యాటక రైళ్లు కావలసినవారికి ఉన్నాయి, ఉండనివ్వండి. గుంపుతో కాకుండా తమ వేళకు తాము దిగి, తమకు నచ్చిన చోట ఒక రోజు ఎక్కువ ఉండాలనుకొనే మా వంటి జంటలకు ఆ టికెట్టూ, తెరిచి ఉండే సామాను గదీ, ఒక బోర్డూ చాలు.

వచ్చే మాఘంలో మా ఆడపడుచునూ వాళ్లాయననూ తీసుకొని ఇదే దారిలో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి బాదామిలో కూడా దిగుతాం. పుష్యమాసంలోనే కౌంటరు దగ్గరకు వెళ్లి ఆ ఫారం మళ్లీ అడుగుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
హనుమకొండ