కౌన్సెలర్‌ను నియమిస్తే చాలదు, విద్యార్థి మాట గది దాటకూడదు

సంపాదకులకు,
నమస్కారాలు.

విశాఖపట్నంలో నీట్‌కు శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చినప్పటి నుంచి కళాశాలల్లో కౌన్సెలర్ల నియామకం గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ తగిన శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒక్కరినైనా నియమించుకోవాలని న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఆదేశం ఎంతో అవసరమైనదే. అయితే పోస్టు భర్తీ అయిందా లేదా అన్న ప్రశ్నతోనే చర్చ ముగిసిపోతోంది. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో కొన్నేళ్లుగా ఆ పోస్టులోనే పనిచేస్తున్న నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తాను చెప్పుకున్న మాట యాజమాన్యానికి చేరదన్న భరోసా విద్యార్థికి లేనంతకాలం, ఎంతమందిని నియమించినా ఆ గదిలోకి రావలసినవారు రారు.

నేను ఉద్యోగంలో చేరేసరికే నా బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టరు ఉంది. వరుస సంఖ్య, తేదీ, విద్యార్థి పేరు, హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, సమస్య, తీసుకున్న చర్య, విద్యార్థి సంతకం అంటూ గళ్లు గీసి ఉన్నాయి. శనివారం సాయంత్రం అటెండర్ దాన్ని తీసుకువెళ్తే, ఆఫీసు సూపరింటెండెంట్ బల్ల మీదుగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, ఆకుపచ్చ సిరాతో సంతకం పడి సోమవారం తిరిగి వచ్చేది. అందులో ‘సమస్య’ అన్న గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. తండ్రి తాగి వచ్చి తల్లిని కొడుతున్నాడనో, తోటి విద్యార్థి ఫొటోలు దగ్గర పెట్టుకుని బెదిరిస్తున్నాడనో, నెలల తరబడి నిద్ర పట్టడం లేదనో అప్పుడే చెప్పి కళ్లు తుడుచుకుంటున్న అమ్మాయి ముందు ఆ రిజిస్టరు తెరిచి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అనడం ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు. అందుకే అందరి పేర్ల ఎదుటా ‘చదువుపై ఏకాగ్రత లోపం’ అని రాసేదాన్ని. పాత పేజీలు తిరగేస్తే నాకు ముందు పనిచేసినవారు కూడా అదే రాసి ఉంచారు. ఏ తనిఖీ బృందం చూసినా మా విద్యార్థులకు ఏకాగ్రత తప్ప మరే లోటూ లేదనుకుని సంతోషంగా వెళ్లవచ్చు.

అదే తీర్పులో, పత్రికల్లో అంతగా ప్రచారం కాని ఒక మార్గదర్శకం ఉంది. విద్యార్థులకు అందించిన సాయం వివరాలను పేర్లు బయటపడకుండా నమోదు చేయాలని, ఎందరికి అండగా నిలిచారు, ఎందరిని నిపుణుల వద్దకు పంపారు, సిబ్బందికి ఏ శిక్షణ ఇచ్చారు అన్న లెక్కలతో ఏటా నియంత్రణ సంస్థకు నివేదిక సమర్పించాలని అది చెబుతోంది. మొత్తం తీర్పులో కళాశాలల తీరును నిజంగా మార్చగల మాట ఇదేనని నా అభిప్రాయం. హాల్‌టికెట్ నంబరుతో సహా వారం వారం పై అధికారి బల్ల మీదికి చేరే రిజిస్టరు, ఆ మాటకు నేరుగా విరుద్ధం.

మా దగ్గరికి వచ్చేవారి కష్టాలన్నీ మనసుకు సంబంధించినవే అనుకోవడం పొరపాటు. పరీక్షల ఒత్తిడి, ప్రేమ వ్యవహారాలు ఉండనే ఉన్నాయి కాని, నా గదికి వచ్చేవారిలో చాలామంది మాటల వెనుక డబ్బు ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని కళాశాల ఆ మొత్తాన్ని విద్యార్థినే కట్టమంటుంది. కట్టకపోతే హాల్‌టికెట్ ఆపుతారు, చదువు పూర్తయినా సర్టిఫికెట్లు ఇవ్వరు. కౌలు చేసుకునే తండ్రిని అడగలేక, అడక్కుండా ఉండలేక ఆ కుర్రవాడు తరగతికి రావడం మానేస్తాడు. హాజరు 75 శాతం కంటే తగ్గితే, ఆ లోటును మన్నించడానికి కట్టించుకునే కండొనేషన్ ఫీజు అదనం. బ్యాక్‌లాగులు పేరుకుని డిటెన్షన్ దాకా వచ్చేసరికి, పై ఏడాదికి వెళ్లిన స్నేహితుల ఎదుట పడలేక హాస్టల్ గదిలోనే ఉండిపోతాడు. అప్పుడు ఎవరో నా దగ్గరికి పంపిస్తారు. ఇలాంటి విద్యార్థికి శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పి పంపించేయడం నా వల్ల కాదు. వాయిదాల్లో కట్టే వెసులుబాటు కోసం అకౌంట్స్ విభాగంతో మాట్లాడాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ దశలో ఆగిందో కనుక్కోవాలి, సర్టిఫికెట్లు ఆపడం సరికాదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఆ చెప్పవలసిన వ్యక్తికి జీతమిచ్చేది ఆ యాజమాన్యమే, కాంట్రాక్టు పొడిగించేది కూడా ఆ యాజమాన్యమే. విద్యార్థులకు ఇది తెలియనిదేమీ కాదు. “మేడమ్, ఇది ఆఫీసులో చెప్పరు కదా?” అన్నదే చాలామంది నోట వచ్చే మొదటి మాట.

ఇక కౌన్సెలర్‌కు అప్పగించే ఇతర విధుల సంగతి. క్రమశిక్షణ సంఘంలో మమ్మల్ని సభ్యులుగా వేస్తారు. ఉదయం గుండె విప్పి మాట్లాడిన పిల్లవాడిని మధ్యాహ్నం అదే మనిషి విచారణ బల్లకు అవతల కూర్చుని ప్రశ్నించడం ఏ విధంగా సబబు? కొన్నిచోట్ల హాస్టల్ వార్డెన్ బాధ్యతలు కూడా ఇస్తారు. వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్ల మీదికి పంపుతారు. ఫలితాలు, ప్రవేశాలు, హాస్టల్ మార్పులు అన్నీ ఒక్కసారిగా మీద పడే ఆ రోజుల్లోనే పిల్లలకు తోడు అవసరమని ఎవరికీ తట్టదు. కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు మాత్రం మా గదికి సున్నం వేయించి, తలుపు మీద ‘హ్యాపీనెస్ సెంటర్’ అని బోర్డు పెట్టిస్తారు. ఆ బోర్డు కింద నిలబడి ఎవరి కంట పడతామోనని మా విద్యార్థులు వెనక మెట్ల దారిన వస్తారు. పాతిక మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు చొప్పున మార్గదర్శిగా ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015లోనే సూచించింది. ఆలోచన మంచిదే, ఆ అధ్యాపకుల్లో ఎంతో ఆదరంగా మెలిగేవారినీ చూశాను. కాని ఇంటర్నల్ మార్కులు వేసే చేతికి తన బలహీనతను అప్పగించడానికి ఏ విద్యార్థి అయినా జంకుతాడు. అందుకే ఆ ఏర్పాటు కౌన్సెలర్‌కు బదులు కాలేదు.

రహస్యం అంటే ఎవరికీ ఏమీ చెప్పకపోవడమా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది, ప్రాణాపాయం వంటి సందర్భాలకు మినహాయింపు కూడా ఇచ్చింది. మేమూ అదే పద్ధతి పాటించాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లోవారికి చెప్పి, వైద్యుడి దగ్గరికి పంపి, ఆ రాత్రి ఎవరు తోడుంటారో చూసుకునే వరకు కదలకూడదు. అలాంటి పరిస్థితి వస్తే ఎవరెవరికి చెబుతామో మొదటి రోజే విద్యార్థికి వివరించాలి. ఆ హద్దు దాటనంతవరకు, ఫలానా అబ్బాయి కౌన్సెలర్ దగ్గరికి వచ్చాడన్న సంగతి కూడా గది దాటకూడదు. ఇక్కడ జరుగుతున్నది దీనికి తలకిందులు. చిన్న విషయాలకు ఇంటికి ఫోన్లు వెళ్తాయి, పెద్ద ప్రమాదం కనిపించినప్పుడు సంస్థ పేరు చెడుతుందని మౌనం పాటిస్తారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే పరిగణించాలని, శిక్షించరాదని ఆ చట్టమే 115వ సెక్షన్‌లో చెప్పినా, పోలీసు కేసు అవుతుందన్న భయం హాస్టళ్లలో ఇంకా పోలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఉన్నత విద్యాసంస్థల్లో పరిస్థితిని పరిశీలించేందుకు సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని కూడా ఏర్పాటు చేసింది. అది దేశమంతటికీ సంబంధించిన పని. మన రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కౌన్సెలర్ నియామక పత్రంలోనే గోప్యత షరతును రాయించాలి. క్రమశిక్షణ, వార్డెన్, అడ్మిషన్ల విధులు అప్పగించరాదని అందులోనే ఉండాలి. కాంట్రాక్టు పది నెలలకే ముగిసి మళ్లీ కొత్త మనిషి వస్తుంటే, రెండో ఏడాదిలో చెప్పుకున్న కథను విద్యార్థి మూడో ఏడాదిలో మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది కనుక, కనీసం మూడేళ్ల కాలపరిమితి ఉండాలి. విద్యార్థుల సంఖ్యకు తగినంతమంది కౌన్సెలర్లు ఉండాలని తీర్పు చెప్పింది గాని అంకె చెప్పలేదు. ఆ అంకెను మండళ్లే నిర్ణయించాలి, లేకపోతే నాలుగు వేల మంది ఉన్న కళాశాల కూడా ఒక్కరిని చూపించి తప్పించుకుంటుంది. ఖర్చు భరించలేమనే చిన్న డిగ్రీ కళాశాలలు మూడు నాలుగు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. ఆ కౌన్సెలర్ ఏ ఒక్క ప్రిన్సిపాల్‌కూ లోబడి ఉండరు గనుక అది ఒక రకంగా మేలే.

తీర్పు ప్రకారం కలెక్టర్ల అధ్యక్షతన ఏర్పడవలసిన జిల్లా పర్యవేక్షణ కమిటీలు తనిఖీకి వచ్చినప్పుడు, కౌన్సెలర్ ఉన్నారా అని ప్రిన్సిపాల్‌ను అడిగి వెళ్లిపోకుండా, ఆ కౌన్సెలర్‌తో ఏకాంతంగా పది నిమిషాలు మాట్లాడాలని, రిజిస్టరులో విద్యార్థుల పేర్లు కనిపిస్తే దాన్ని లోపంగా నమోదు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి హాస్టల్ గోడ మీద, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416ను పెద్ద అక్షరాలతో రాయించడానికి మాత్రం ఏ కమిటీ రాక కోసమూ ఆగనక్కరలేదు.

భవదీయురాలు,
ఒక విద్యార్థి కౌన్సెలర్,
గుంటూరు జిల్లా.