ఎవడొచ్చినా ఇంతేనా?

దోస్తూ,

ఎట్లున్నావ్? పిల్లలు బాగున్నారా? మొన్న డిసెంబర్‌లో సర్పంచ్ ఓటుకు ఎందుకు రాలేదంటే "ఎవడొచ్చినా ఇంతే" అని రాశావు. నీ కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ మాట నేను ఒప్పుకోను. ఓటు మీద మనవాళ్లకు నమ్మకం పోలేదురా. ఓటేశాక పని పడితే అడగడానికి మనిషి దొరకట్లేదు, బాధంతా అదే.

భూముల రికార్డుల ధరణి పోర్టల్‌నే తీసుకో. 2020 సెప్టెంబర్‌లో ఊళ్లో భూముల లెక్క చూసే వీఆర్వోలను తీసేశారు, అక్టోబర్ 29న పోర్టల్ మొదలైంది. లంచాలతో విసిగిన రైతులు మొదట్లో సంతోషపడ్డారు. రిజిస్ట్రేషన్ వెంటనే అయిపోయినవాళ్లూ ఉన్నారు, కాదనను. మరి రికార్డులో తప్పు పడ్డవాళ్ల గతి? ఎక్కడికి పోయినా "ధరణిలో ఆప్షన్ లేదు" అన్నారు. ఆ ముక్క విననోళ్లు మన దిక్కు లేరు.

మా గల్లీలో ఒక అవ్వ ఉంది. ఊళ్లో ఆమెకు ఎకరం ముప్పై గుంటలుంటే, కొత్త పాసుబుక్కులో ఎకరం పది గుంటలే ఎక్కింది. కలెక్టర్ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి నేనే తోడు పోయాను. సోమవారం పొద్దున్నే కలెక్టరేట్ వరండా నిండిపోయింది. ఎవరి చేతిలో చూసినా ప్లాస్టిక్ కవర్, అందులో పాత పహాణీ (భూమి రికార్డు) నకళ్లు, ఆధార్ జిరాక్స్‌లు, మడతల దగ్గర చిరిగిన రసీదులు. ఆ రోజు ఒక ఆఫీసర్ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, దరఖాస్తు మొత్తం చదివి, "సర్వే చేయించాలమ్మా, టైం పడుతుంది" అని అర్థమయ్యేటట్టు చెప్పాడు. పని ఇంకా కాలేదు. అయినా ముద్ర కొట్టిన రసీదు రొండిన దోపుకుని, "ఇన్నేండ్లకు ఒకడు నా మాట విన్నడు బిడ్డా" అంది. నాకు ఏడుపొచ్చింది.

2016లో ఉమ్మడి వరంగల్‌ను ఐదు జిల్లాలు చేశారు, 2019లో ములుగు కూడా జిల్లా అయింది. ఏటూరునాగారం వాళ్లకు కలెక్టరేట్ దగ్గరైంది, పెద్ద మేలే. కానీ ఊళ్లో ఏమైంది? 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోతే, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో. అప్పటిదాకా ప్రత్యేకాధికారులే. వీధిలైటు పోతే ఎవరిని పట్టుకోవాలి? సర్పంచ్ ఎట్లాంటోడైనా పొద్దున చాయ్ దుకాణం దగ్గర నిలబెట్టి నాలుగు మాటలు అడగొచ్చు.

మనల్ని నమ్మించి మోసం చేయడం కొత్తేమీ కాదు. ఆంధ్రతో కలిపేటప్పుడు తెలంగాణకు మాటిచ్చిన 1956 పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదనే 1969లో విద్యార్థులు రోడ్డెక్కారు. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ఇస్తామని కేంద్రం ప్రకటన వచ్చింది, 23న వెనకడుగు. అయినా 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేశాం, గుర్తుందా? జీతాలు వదులుకుని అడిగింది ఏంది? పార్లమెంట్‌లో బిల్లు పెట్టమనే కదా! అంత కోపంలో కూడా ఆ సభను నమ్మాం. మన రాష్ట్రం వచ్చాక కూడా ఆఫీసులో జవాబు దొరక్కపోతే అందుకే ఇంత కడుపు మండుతుంది.

2025లో ధరణి బదులు భూభారతి చట్టం వచ్చింది. నచ్చని ఉత్తర్వు మీద అప్పీలు చేసుకునే దారి చట్టంలోనే పెట్టారు, ఊళ్లకు గ్రామ పాలనాధికారులనూ వేశారు. అడిగేవాళ్లు వదలకుండా అడిగితేనే అది నడుస్తుంది. అందుకే, మీ బాపు పేరు మీదున్న పాత పహాణీ ఫోటో వాట్సాప్‌లో పంపు. సర్వే నంబర్ కనపడేటట్టు తియ్యి. వచ్చే సోమవారం బాపును నా బండి మీద తీసుకుపోతా.

నీ దోస్తు