రోటోస్కోపింగ్‌ను అడ్డదారి అనొద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో అనిమే (జపాన్ యానిమేషన్) మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చాక, అనిమే ఏదో కొద్దిమంది కుర్రాళ్ళ సరదా మాత్రమే కాదని ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా తెలిసింది. అయితే ఆ వ్యాసంలో రోటోస్కోపింగ్ గురించి రాసిన రెండు వాక్యాలు మాత్రం నన్ను బాధపెట్టాయి. బొమ్మలు వేయడం చేతకానివాళ్ళు, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు పట్టే అడ్డదారి అన్నట్టు తేల్చేశారు. నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో రోటో, అంటే రోటోస్కోపింగ్ పని చేస్తాను. ఆ మాటకి జవాబు చెప్పాలనిపించి రాస్తున్నాను.

తెలియని పాఠకుల కోసం ముందు పద్ధతి ఏమిటో చెప్తాను. మామూలు సినిమాలాగే ముందు నటులతో షూటింగ్ చేస్తారు. ఆ ఫుటేజ్‌లో ఒక్కో ఫ్రేమ్‌నీ కింద పెట్టుకుని దాని మీద బొమ్మ గీస్తారు. ఇది నిన్నో మొన్నో పుట్టింది కాదు. 1915లోనే అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ దీని పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. తమ్ముడు డేవ్‌కి జోకర్ దుస్తులు వేసి తీసిన ఫిల్మ్ మీద గీసిన బొమ్మే తర్వాత కోకో అనే పాత్రగా పేరు తెచ్చుకుంది. 1937లో వచ్చిన డిస్నీ స్నో వైట్‌లో కూడా కథానాయిక కదలికల కోసం ఒక డాన్సర్‌తో నటింపజేసి ఫిల్మ్ తీసి పెట్టుకున్నారు.

ఇక అనిమే ప్రేక్షకులు దీని మీద రెండు వర్గాలుగా విడిపోయి వాదించుకోవడం గురించి. ఈ వాదన ఎప్పుడు వచ్చినా చివరికి చేరేది 2013లో వచ్చిన అకు నో హనా సీరియల్ దగ్గరికే. షూజో ఒషిమి గీసిన మాంగా (జపాన్ కామిక్) దీనికి మూలం. కసుగా అనే స్కూలు కుర్రాడు తను ఇష్టపడే సాయెకి అనే అమ్మాయి జిమ్ దుస్తులు దొంగిలిస్తాడు. అది నకమురా అనే ఇంకో అమ్మాయి కంట పడుతుంది. అక్కడి నుంచి అతన్ని ఆడిస్తుంది. చూసేవాడికి ఊపిరాడనివ్వని కథ. దర్శకుడు హిరోషి నగహమా అంతకుముందు ముషిషి అనే అనిమే తీసి మంచి పేరు తెచ్చుకున్నాడు. ఈ కథ తన దగ్గరికి వచ్చినప్పుడు ఇది అనిమేగా తీయాల్సింది కాదు, మనుషులతో తీయాల్సింది అన్నాడు. చివరికి రోటోస్కోపింగ్ అయితేనే చేస్తానన్నాడు. ఒషిమి కూడా సరేనన్నాడు. ఒషిమి సొంతూరు, గున్మా రాష్ట్రంలోని కిర్యూలో, నటులతో సీన్లన్నీ షూట్ చేసి, తర్వాత దాన్నంతా బొమ్మలుగా గీశారు.

మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజే జపాన్‌లోనూ బయటా అభిమానులు మండిపడ్డారు. మాంగాలో కళ్ళజోడుతో ముద్దుగా ఉండే నకమురా ఇక్కడ మామూలు అమ్మాయి. సాయెకిదీ మన వీధిలో కనిపించే ముఖమే. దూరం నుంచి చూపించేటప్పుడు కళ్ళూ ముక్కూ చెరిగిపోయి ముఖం ఖాళీగా ఉంటుంది. ఇంకో వర్గం మాత్రం ఈ కథకి ఇంతకంటే సరైన రూపం లేదంది. విశేషమేమిటంటే అదే బెస్సత్సు షోనెన్ మ్యాగజైన్‌లో వస్తున్న మరో మాంగా, అటాక్ ఆన్ టైటాన్, సరిగ్గా అదే నెలలో అనిమేగా మొదలైంది. అటాక్ ఆన్ టైటాన్ ప్రపంచమంతా పాకింది. అకు నో హనా 13 ఎపిసోడ్లతో, కథ సగంలోనే ఆగింది. డిస్కులు పెద్దగా అమ్ముడుపోలేదు, మిగతా కథ ఇప్పటికీ అనిమేగా రాలేదు.

అభిమానుల నిరాశని నేను తీసిపారేయను. ఏళ్ళ తరబడి ఒక గీతతో మనసులో పెట్టుకున్న ముఖం తెర మీద ఇంకొకటిగా కనిపిస్తే మనసు కష్టపడుతుంది. పైగా మనిషిని పోలీ పోలకుండా ఉన్న రూపాన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని మసహిరో మోరి అనే జపాన్ రోబో శాస్త్రవేత్త 1970లోనే రాశాడు. 2014లో మన దగ్గర విక్రమసింహ వచ్చినప్పుడు రజనీకాంత్ ముఖం బొమ్మలా ఉందని జనం పెదవి విరవడానికీ కారణం అదే. అక్కడ వాడింది మోషన్ క్యాప్చర్, అంటే నటుల కదలికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి బొమ్మకి అతికించడం, పద్ధతి వేరు, ఇబ్బంది మాత్రం ఒకటే.

కానీ విక్రమసింహలో మనకి కావలసింది హీరో. అకు నో హనాలో ఆ జలదరింపే కావాలి. ఏడో ఎపిసోడ్ చివర కసుగా, నకమురా రాత్రిపూట క్లాస్‌రూమ్‌లోకి దూరి అంతా ధ్వంసం చేస్తారు. ఎనిమిదో ఎపిసోడ్ మొదట్లో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని తెల్లవారుజామున ఖాళీ వీధుల్లో ఇంటికి నడుస్తారు. చాలా నిమిషాల పాటు మాటల్లేవు. అడుగు కాస్త తడబడటం, భుజం వాలడం, అలసిన ఒళ్ళు ముందుకి ఒరగడం, ఇవే ఉంటాయి. మామూలు టీవీ అనిమేలో ఆ నడకని అంతసేపు చూపించే ధైర్యం ఎవరూ చేయరు. బడ్జెట్ సరిపోక పాత్ర కదలకుండా నిలబడితే పెదాలు మాత్రం ఆడించే చోట అంత నడక ఎక్కడి నుంచి వస్తుంది? నా దృష్టిలో ఆ ఒక్క సన్నివేశం చాలు, నగహమా తీసుకున్న నిర్ణయం సరైనదని చెప్పడానికి.

ఇక అడ్డదారి అన్న మాట. మా స్టూడియో పనిలో ముఖాలు గీయం. వెనకున్న దృశ్యం నుంచి నటుణ్ణి వేరు చేయడానికి అంచు వెంట షేప్ గీస్తాం. పేరూ పద్ధతీ మాత్రం ఆ పాత రోటోస్కోపింగ్ నుంచి వచ్చినవే. ఒక నటి తల తిప్పి జుట్టు వెనక్కి తోసుకునే షాట్ నాలుగు సెకన్లు ఉందనుకోండి, సెకనుకి 24 చొప్పున 96 ఫ్రేములు. వేళ్ళు జుట్టులోకి వెళ్ళే చోట ఏది వేలో ఏది నీడో తెలియదు. చెయ్యి వేగంగా కదిలే ఫ్రేముల్లో వేలు మసకబారి పొగలా సాగిపోతుంది. గీత ఎక్కడ వేయాలో గీసేవాళ్ళే తేల్చుకోవాలి. ఒక ఫ్రేములో వెంట్రుకవాసి లోపలికి, తర్వాతి ఫ్రేములో కాస్త బయటికి పడిందంటే ప్లే చేసినప్పుడు అంచు వణుకుతుంది. సూపర్‌వైజర్ షాట్ వెనక్కి పంపిస్తారు. అంచు ఒక్కటి గీసే మాకే ఇంత టెన్షన్ ఉంటే, ముఖంలో ఏ ముడత ఉంచాలి, ఏ నీడ తీసేయాలి, కన్ను ఎన్ని గీతల్లో చెప్పాలి అని ప్రతి ఫ్రేముకీ తేల్చుకునేవాళ్ళ సంగతి ఆలోచించండి. ఖర్చూ తగ్గదు. షూటింగ్‌కి యూనిట్, నటులు, లొకేషన్ కావాలి, ఆ పైన బొమ్మలు గీసేవాళ్ళు ఎలాగూ కావాలి.

రోటోస్కోపింగ్ చేసిందల్లా గొప్పదే అని నేననను. 1978లో రాల్ఫ్ బక్షి తీసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో యుద్ధం సీన్లు చూస్తే గీసిన బొమ్మల మధ్య రంగు పులిమిన మనుషులు కనిపిస్తారు, రెండూ కలవవు. దాన్ని విమర్శించినవాళ్ళకి నా మద్దతు ఉంటుంది. కానీ కెంజి ఇవాయిసావా తీసిన ఆన్-గాకు చూడండి. గిటార్ పట్టుకోవడం కూడా రాని ముగ్గురు కుర్రాళ్ళు బ్యాండ్ పెట్టుకునే కథ. ఏడేళ్ళకు పైగా కూర్చుని 40,000కు పైగా బొమ్మలు చేత్తో గీశారు. 2019లో ఒట్టావా యానిమేషన్ ఉత్సవంలో ఉత్తమ ఫీచర్ బహుమతి దానికే వచ్చింది. అదే దర్శకుడు ఉఓటో మాంగా ఆధారంగా 2025లో 100 మీటర్స్ తీశాడు. పరుగు పందెం కథ కాబట్టి నిజమైన ఒంటి బరువు, నేలని తన్నే కాలి బలం తెర మీద కనిపించాలి. ఈసారి ఈ పద్ధతిని తప్పుపట్టినవాళ్ళకంటే మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు.

కాబట్టి మీ సమీక్షకులకి నా విన్నపం. నచ్చకపోతే నచ్చలేదని నిస్సంకోచంగా రాయండి. ఏ సన్నివేశంలో, ఎందుకు నప్పలేదో చెప్పండి. మూలంలోని బొమ్మ పోయిందని బాధ ఉంటే అదీ రాయండి. పని ఎగ్గొట్టారని మాత్రం రాయకండి, ఎందుకంటే అది నిజం కాదు. ఈ ఊళ్ళో మాదాపూర్, గచ్చిబౌలి స్టూడియోల్లో నాలాగా రాత్రిళ్ళు ఫ్రేముల ముందు కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఇళ్ళల్లో మేం చేసే పని ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మా అమ్మానాన్నలు చదివేది మీ పేపరే. వీలైతే సినిమా పేజీలో ఒకసారి ఈ పని ఎలా జరుగుతుందో బొమ్మలతో సహా ఒక వ్యాసం వేయండి. సమాచారం కావాలంటే ఇవ్వడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక రోటో ఆర్టిస్ట్,
హైదరాబాద్